గుజరాతీ, బర్మీస్: తెలుగు చెవితో విన్న రెండు భాషలు

సభకు నమస్కారం.

ఈ రోజు ప్రసంగం గుజరాతీ, బర్మీస్ భాషల పోలిక మీద అని తెలిసిన దగ్గర్నుంచీ మిత్రులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "ఆ రెంటికీ ఏం సంబంధమండీ?" వంశం లెక్క చూస్తే ఏ సంబంధమూ లేదు. గుజరాతీ సంస్కృత ప్రాకృతాల సంతతి. హిందీ, మరాఠీ, సింధీ దాని తోబుట్టువులు. దూరం వెళితే ఫారసీ, గ్రీకు, ఇంగ్లీషు కూడా ఆ కుటుంబమే. బర్మీస్ టిబెటన్, మణిపురి భాషల వైపుది. ఇంకా వెనక్కి వెళితే దాని చుట్టరికం చైనీస్‌తో. అంకెలు చూస్తే చాలు. మూడుకి గుజరాతీలో 'త్రణ్', ఐదుకి 'పాంచ్'. బర్మీస్‌లో మూడుని 'సుం' అని రాస్తారు, ఐదు 'ఙా'. టిబెటన్‌లో మూడు 'సుమ్', ఐదు 'ఙా'. మణిపురిలో 'అహుమ్', 'మఙా'. ఎవరు ఎవరి ఇంటివాళ్ళో ఈ రెండు అంకెలే చెప్పేస్తాయి.

మరి వీటిని పక్కపక్కన ఎందుకు పెట్టానంటే, తెలుగువాళ్ళు బతుకుతెరువు కోసం వెళ్ళి రోజూ చెవిన వేసుకున్న భాషలివి. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి, ఆ తర్వాత విశాఖ నుంచి, కళింగపట్నం వైపు నుంచి మనవాళ్ళు రంగూన్ వెళ్ళారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. బర్మాలో వాళ్ళకి 'కోరంగీలు' అన్న పేరే స్థిరపడిపోయింది. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1942లో జపాన్ దాడికి చాలామంది కాలినడకన వెనక్కి వచ్చారు. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక ఇంకొందరు వచ్చారు. విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' అన్న పేట ఆ రాకకు గుర్తు. ఇక గుజరాతీ సంగతికొస్తే, సూరత్ మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ పద్మశాలీ కుటుంబాల పిల్లలకి అది బడిలో, వీధిలో వినపడే భాష.

ఇంకో సంగతి. గుజరాతీలు కూడా రంగూన్ వెళ్ళారు. సూరత్‌కి ఎదురుగా తాపీ నది ఒడ్డున రాందేర్ అని పాత ఊరుంది. అక్కడి ముస్లిం వర్తకులు రంగూన్‌లో పెద్ద పెద్ద వ్యాపారాలు చేశారు. రంగూన్‌లో సూర్తీ మసీదు, సూర్తీ బజారు వాళ్ళ పేరు మీద ఉన్నవే. రంజాన్ నెలలో రాందేర్ వీధుల్లో ఇవాళ్టికీ 'ఖౌసా' అమ్ముతారు. అది బర్మా వాళ్ళ 'ఖౌస్వె' నూడుల్సే. దాని పక్కనే 'రంగూనీ పరాఠా'. గాంధీ గారి ఆప్తమిత్రుడు డాక్టర్ ప్రాణజీవన్ మెహతా రంగూన్‌లో స్థిరపడిన గుజరాతీ. గాంధీ గారు 1902లో, 1915లో, 1929లో బర్మా వెళ్ళారు. కాబట్టి ఈ రెండు భాషలూ ఒకే వీధిలో వినపడిన కాలం ఒకటుంది, ఆ వీధిలో తెలుగు కూడా వినపడింది. నేను ఈ రోజు ఆ మూడో మనిషి చెవితో మాట్లాడతాను.

భాషల్ని పోల్చేటప్పుడు చాలామంది 'ఈ భాషలో ఈ భావం చెప్పగలమా' అని చూస్తారు. ఏ భాషలోనైనా ఏదైనా చెప్పొచ్చు. నాకు ఆసక్తి వేరే చోట ఉంది. నోరు తెరిచిన మనిషి చేత ఒక భాష ఏం చెప్పించి తీరుతుంది? ఏది చెప్పకుండా వాక్యం ముగియనివ్వదు? అక్కడ గుజరాతీ ఒక మూల, బర్మీస్ ఇంకో మూల నిలబడతాయి. మధ్యలో తెలుగు ఉంటుంది.

ముందు ఒక వాక్యం. 'నేను అన్నం తింటున్నాను.' గుజరాతీలో 'హూఁ భాత్ ఖాఉఁ ఛూఁ'. బర్మీస్‌లో మగవాడు మాట్లాడితే 'చనో థమిన్ సా దె'. చనో అంటే నేను, థమిన్ అన్నం, సా తిను. మూడు భాషల్లోనూ వరస ఒకటే: చేసేవాడు, చేయించుకునేది, చివర్లో క్రియ. విభక్తులు కూడా మూడింట్లోనూ నామం వెనకే వస్తాయి. చైనీస్ వైపు చుట్టం కదా అని బర్మీస్ వాక్యం చైనీస్‌లా క్రియని మధ్యలో పెడుతుందనుకుంటే పొరపాటే.

ఇంకా దగ్గరగా చూడండి. 'నిన్న కొన్న పుస్తకం' అంటాం మనం. బర్మీస్‌లో 'మనేగ వె దె సాఔ'. మనేగ నిన్న, వె కొను, సాఔ పుస్తకం. మాటకి మాట సరిపోయింది. గుజరాతీలో దీనికి రెండు దారులున్నాయి. 'గఈకాలే ఖరీదేలుఁ పుస్తక్' అంటే అచ్చంగా మన వరసే. 'జే పుస్తక్... తే' అని మొదలుపెడితే 'ఏ పుస్తకమైతే కొన్నానో అది' అన్న సంస్కృతం దారి. వంశం ప్రకారం గుజరాతీ రెండో దారినే పట్టుకుని ఉండాలి, కానీ మొదటిదాన్ని కూడా ధారాళంగా వాడుతుంది.

ఇప్పుడు చెప్పించి తీరే సంగతులకి వద్దాం. గుజరాతీలో మూడు లింగాలు: పుంలింగం, స్త్రీలింగం, నపుంసకం. ఛోకరో అబ్బాయి, ఛోకరీ అమ్మాయి, ఛోకరుఁ అంటే ఎవరైనా సరే, పిల్ల లేదా పిల్లాడు. హిందీ నపుంసకాన్ని పోగొట్టుకుంది, గుజరాతీ, మరాఠీ నిలుపుకున్నాయి. ఇది మనుషులతో ఆగదు. రొట్టె, అరటిపండు, కుర్చీ అన్నిటికీ లింగం ఉంది. పైగా జరిగిపోయిన పని చెప్పేటప్పుడు క్రియ తిన్నవాణ్ణి వదిలేసి తినబడిన వస్తువు వైపు తిరుగుతుంది. మందంగా చేసే రొట్టె 'రోట్లో' మగది, పల్చటి 'రోట్లీ' ఆడది, అరటిపండు 'కేళుఁ' నపుంసకం. అందుకని 'మేఁ రోట్లో ఖాధో', 'మేఁ రోట్లీ ఖాధీ', 'మేఁ కేళుఁ ఖాధుఁ'. తిన్నది నేనే, మూడుసార్లూ క్రియ మారింది.

తెలుగులో 'తిన్నాను' అంటే చాలు, తిన్నది నేనని క్రియే చెబుతుంది. తిన్నదేమిటో చెప్పదు. గుజరాతీలో 'ఖాధీ' అంటే తిన్నదెవరో తెలియదు, తినబడింది ఏదో స్త్రీలింగ వస్తువని తెలుస్తుంది. బర్మీస్‌లో 'సా దె' అంటే రెండూ తెలియవు. తిన్నది నేనో నువ్వో వాళ్ళో, ఒకరో వందమందో, క్రియ ఏమీ చెప్పదు. నిన్న తిన్నామా ఇప్పుడు తింటున్నామా అన్నది కూడా సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. క్రియకి తెలిసిన తేడా ఒక్కటి: ఉన్నదీ జరిగినదీ అయితే 'దె', ఇంకా జరగాల్సిందైతే 'మె'. 'సా మె' అంటే తింటాను, తింటాడు, తింటారు, ఏదైనా. పని పూర్తయి ఉంటే 'సా బీ'. బర్మాలో ఎదురుపడినవాళ్ళని పలకరించే మాట 'థమిన్ సా పీ బీ లా', అంటే 'అన్నం తిన్నారా' అనే. మన పల్లెల్లో 'భోంచేశారా' అన్నట్టే.

లింగం దగ్గర ఒక అందమైన విషయం ఉంది, కాసేపు ఆగుతాను. గౌరవం చెప్పాలంటే బహువచనం వాడటం మనకీ గుజరాతీకీ ఉమ్మడి అలవాటు. నాన్నగారు వచ్చారు: 'బాపుజీ ఆవ్యా'. అది పుంలింగ బహువచనం. అమ్మ వచ్చారు: 'బా ఆవ్యాఁ'. చివర ఆ అరసున్న చూశారా? అది నపుంసక బహువచన రూపం. స్త్రీని గౌరవించాలంటే గుజరాతీ స్త్రీలింగాన్ని వదిలి నపుంసకంలోకి వెళుతుంది. ఆడా మగా కలిసిన గుంపుకీ అదే రూపం. మన తెలుగులో దీనికి తిరగేసిన పరిస్థితి ఉంది. ఏకవచనంలో 'ఆమె వచ్చింది', 'బస్సు వచ్చింది' ఒకటే రూపం, గౌరవం ఇవ్వాలంటే అమహత్తులోంచి బయటికి వచ్చి 'వచ్చారు' అంటాం. రెండు భాషలూ స్త్రీకి గౌరవం ఇచ్చే చోటే లింగం గీతని దాటాయి. దాటిన దిక్కులు మాత్రం వేరు.

బర్మీస్‌లో వ్యాకరణ లింగం లేదు. 'థూ' అంటే అతనూ, ఆమే. (ఈ 'థ' ఇంగ్లీషు 'థింక్'లో ధ్వని, మన రథంలో థ కాదు.) అంతమాత్రాన అది సులువైపోలేదు. గుజరాతీ వస్తువుకి లింగం అడుగుతుంది, బర్మీస్ లెక్కపెట్టేటప్పుడు తరగతి అడుగుతుంది. మూడు కుక్కలు అనాలంటే 'కుక్క మూడు' అని ఊరుకోకూడదు, జంతువుల్ని లెక్కించే 'కౌఁ' చేర్చాలి: 'ఖ్వే థౌఁ గౌఁ'. మామూలు మనుషులకి 'యౌ': 'లూ థౌఁ యౌ'. గౌరవించాల్సిన మనిషికి 'ఊ'. భిక్షువుకి 'పా'. బుద్ధ ప్రతిమకి 'ఛూ'. గుండ్రటి వస్తువుకి 'లౌఁ', పుస్తకానికి 'ఔ'. ఒక భిక్షువుని లెక్కపెడుతూ 'యౌ' అంటే అమర్యాద. అంటే లెక్క చెప్పే ప్రతిసారీ ఎదుటి ప్రాణి స్థాయి ఏమిటో బర్మీస్ మనిషి తేల్చుకోవాలి.

ఈ అలవాటు మనకి పూర్తిగా కొత్తది కాదు. 'ముగ్గురు కుక్కలు' అని ఎవరూ అనరు. మనుషులకి ఇద్దరు, ముగ్గురు, నలుగురు. మిగతావాటికి రెండు, మూడు, నాలుగు. బర్మీస్ అదే పద్ధతిని చాలా తరగతులకి విస్తరించింది. గుజరాతీ మనిషికి ఇది తెలుగు మనిషి కంటే కొత్తగా ఉంటుంది, ఎందుకంటే అతని భాషలో 'త్రణ్ మాణస్', 'త్రణ్ కూత్రా', రెండింటికీ ఒకటే మూడు.

'నేను' అనే మాట చూద్దాం. బర్మీస్‌లో మర్యాదగా మాట్లాడే మగవాడు 'చనో' అంటాడు, స్త్రీ 'చమ' అంటుంది. మూడో మనిషికి లింగం చెప్పని భాష, మాట్లాడే మనిషి లింగాన్ని మాత్రం చెప్పిస్తుంది! వాక్యం చివర 'అండీ' లాంటి మాట కూడా వేరు: మగవాడైతే 'ఖమ్యా', స్త్రీ అయితే 'షిన్'. 'చనో' రాతలో 'క్యున్ తో'. క్యున్ అంటే బానిస, సేవకుడు. తో అంటే రాజుకి సంబంధించిన. 'ప్రభువుల దాసుణ్ణి' అన్న వినయం అలా నేనుగా స్థిరపడింది. పాత బర్మా రాజధాని పగాన్ నాటి శాసనాలు తిరగేస్తే ఆ 'క్యున్' మాట మాటిమాటికీ కనిపిస్తుంది. గుడికి ఇంత భూమి, ఇంతమంది క్యున్‌లు అని దానాలు రాయించారు. ఆ శాసనాల్లో మనుషులకి పడిన పేరే ఇవాళ ఒక ఉద్యోగి తన గురించి చెప్పుకునే సర్వనామంలో ఉంది.

గుజరాతీ సర్వనామాల్లో మనల్ని ఆపేది వేరే విషయం. మేము, మనం తేడా! 'అమే' అంటే మేము, 'ఆపణే' అంటే మనం. హిందీలో 'హమ్' ఒకటే. ఈ తేడా ద్రావిడ భాషల సొత్తు. గుజరాతీ, మరాఠీ మాట్లాడే ప్రాంతాల్లో ఒకప్పటి ద్రావిడ సంపర్కం వల్లే వచ్చిందని చాలామంది భాషావేత్తలు భావిస్తారు. సూరత్‌లో పెరిగే తెలుగు పిల్లవాడికి ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. గుజరాతీకి మన 'ళ', 'ణ' కూడా ఉన్నాయి. 'కేళుఁ' అన్న మాటలోనే ఆ ళ వినిపించింది కదా.

పిలుపులు రెండు చోట్లా చుట్టరికాలే. గుజరాతీలో పేరుకి 'భాయి', 'బేన్' చేరతాయి. పక్కింటావిడా బేనే, ఆఫీసు అధికారిణీ బేనే. బర్మాలో పేరుకి ముందు వయసుని బట్టి మాట చేరుతుంది. కుర్రవాడికి మౌంగ్, సమవయస్కుడికి కో, పెద్దాయనకి ఊ. స్త్రీకైతే మా, పెద్దయ్యాక డో. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా 1961 నుంచి 1971 దాకా పనిచేసిన ఊ థాంట్ గారి పేరులో 'ఊ' ఇంటిపేరు కాదు, మన 'గారు' లాంటిది, బాబాయి అన్న అర్థం ఉన్నది. ఆయన అసలు పేరు థాంట్, అంతే. బర్మీయులకి ఇంటిపేర్లు లేవు. గుజరాతీకి తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ చెప్పనిదే కుదరదు. రెండూ చుట్టరికాన్ని పిలుపులోకి తెచ్చాయి. వంశాన్ని పేరులోకి తెచ్చింది మాత్రం ఒక్క గుజరాతీయే.

ఇప్పుడు ధ్వనులు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కొంచెం నెమ్మదిగా వెళతాను.

గుజరాతీలో 'బార్' అంటే పన్నెండు. బయట అనడానికి 'బహార్' అని రాస్తారు, కానీ మామూలు మాటల్లో ఆ 'హ' విడిగా వినపడదు. అదీ 'బార్' లాగే ఒకే అక్షరంగా వస్తుంది. గుజరాతీవాళ్ళు పొరబడరు, ఎందుకంటే రెండో దాంట్లో 'ఆ' నిండా ఊపిరి ఉంటుంది, గుసగుసకీ గొంతుకీ మధ్య పలుకు. 'బహేన్' రాసి 'బేన్' అన్నప్పుడూ అంతే. హల్లు పోయింది, దాని ఊపిరి అచ్చులో మిగిలింది. భారతీయ భాషల్లో ఇంత స్పష్టంగా ఈ ఊపిరి అచ్చుల్ని వాడేవి తక్కువ, అందుకే ధ్వనిశాస్త్రం చదివేవాళ్ళు గుజరాతీ దగ్గరికి వెళతారు.

బర్మీస్‌లో ప్రతి అక్షరానికీ స్వరం, అంటే పలికే ఎత్తూ గొంతు తీరూ, ఉంది. 'ఖా' అన్న ఒక్క అక్షరం తీసుకోండి. కింది స్థాయిలో సాగదీస్తే విదిలించడం. ఎత్తుగా పలికితే చేదు. గొంతు బిగించి పొట్టిగా పలికితే సేవించడం. గొంతుని టక్కున మూసేస్తే కొట్టడం. ఇది ఒక్కొక్క మాటకే పరిమితం కాదు, వ్యాకరణం కూడా స్వరంతో నడుస్తుంది. 'థూ' అతను. గొంతు బిగించి అంటే 'అతని'. ఇందాక 'కొన్న పుస్తకం'లో విన్న 'దె' కూడా, వాక్యం ముగించే 'దె'ని గొంతు బిగించి పలికినదే.

ఇక అసలు సంగతి. బర్మీస్‌లో ఆ ఎత్తు స్వరాన్ని రాయడానికి అక్షరం పక్కన రెండు చుక్కలు పెడతారు. ఏమిటా రెండు చుక్కలు? మన 'దుఃఖం'లో విసర్గ! ఆ స్వరం పలికేటప్పుడు ఇవాళ్టికీ కొద్దిగా ఊపిరి కలుస్తుంది, దాని వెనక పూర్వం ఒక 'హ' లాంటి ధ్వని ఉండి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. గొంతు మూసే స్వరం కథ మరీ స్పష్టం. రాతలో చివర క, చ, త, ప వేరువేరుగా ఉన్నాయి, పలుకులో అన్నీ ఒక్క గొంతు మూతగా మిగిలాయి. ఆరుని 'ఖ్రోక్' అని రాస్తారు, 'ఛౌ' అని ముగిస్తారు. అంటే గుజరాత్‌లో తాపీ ఒడ్డునా బర్మాలో ఐరావతి ఒడ్డునా జరిగింది ఒకే రకం పని: హల్లు రాలిపోతూ తన గుర్తుని గొంతులో వదిలి వెళ్ళింది. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది కాదు ఇది. వంశం కలవని, పొరుగు కూడా కాని రెండు భాషలు మనిషి గొంతుకున్న ఒకే అవకాశాన్ని వాడుకున్నాయి. వంశవృక్షాలు మాత్రమే చూసేవాళ్ళకి ఇది కనపడదు, అందుకే ఇంతసేపు చెప్పాను.

తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళకి ఇంకో ఆనందం. గసడదవాదేశం గుర్తుందా? 'వాడు కొట్టె' 'వాడు గొట్టె' అవుతుంది. పరుషం సరళమవుతుంది. బర్మీస్‌లో ఇది రోజువారీ మాట. అచ్చు తర్వాత వచ్చే 'తె' 'దె' అవుతుంది, అందుకే 'సా దె'. కుక్కల 'కౌఁ' ఇందాక 'గౌఁ' అయింది. కానీ ముందు అక్షరం గొంతు మూసేదైతే మార్పు జరగదు. 'చేశాను' అనడానికి 'లౌ తె' అనే అంటారు, 'లౌ దె' అనరు. గుజరాతీలో ఇలాంటి సంధి నిత్యవ్యవహారంలో కనపడదు. ఈ ఒక్క విషయంలో రంగూన్ వెళ్ళిన తెలుగువాడు సూరత్ వర్తకుడి కంటే ముందున్నాడు.

లిపి దగ్గరికి వస్తే రెండూ బ్రాహ్మీ సంతానమే. ఆ మాటకొస్తే తెలుగూ అంతే. కానీ అవి పెరిగిన ఇళ్ళు వేరు. బర్మా లిపి దక్షిణ భారత లిపుల నుంచి ప్యూ, మోన్ జాతుల చేతుల మీదుగా వచ్చింది. మొదట్లో అది రాతిమీద పుణ్యం చెప్పుకోవడానికి వాడిన లిపి. 1113 ప్రాంతంలో రాజకుమార్ అనే యువరాజు, తండ్రి క్యాన్‌జిత్తా రాజు జబ్బున పడి ఉన్నప్పుడు బంగారు బుద్ధ ప్రతిమ చేయించి, ఆ దానాన్ని పాళీ, మోన్, ప్యూ, బర్మీస్, నాలుగు భాషల్లో చెక్కించాడు. అదే మ్యజేదీ శాసనం. దాని సాయంతోనే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్యూ భాష చదవగలిగారు. సరిగ్గా ఆ కాలంలో గుజరాత్‌లో అణహిల్వాడ పాటణ్ సింహాసనం మీద జయసింహ సిద్ధరాజు ఉన్నాడు. ఆయన ఆస్థానంలో హేమచంద్రుడనే జైనాచార్యుడు తర్వాత రాసిన వ్యాకరణంలో అపభ్రంశ దోహాలు, అంటే ప్రాకృతాల తర్వాతి దశ భాషలోని రెండు పాదాల పద్యాలు, ఉదాహరించాడు. గుజరాతీ పుట్టుకని తెలుసుకోవాలంటే అవే ఆధారం. మన నన్నయ గారి తర్వాత అర్ధ శతాబ్దం, శతాబ్దం ఎడంలో జరిగిన సంగతులివి.

తాటాకు మీద గంటంతో అడ్డగీతలు లాగితే ఆకు చీలుతుంది. అందుకే బర్మా అక్షరాలు గుండ్రం తిరిగాయి, మనవీ అంతే. బర్మా అంకెల్లో ఒకటి, రెండు, మూడు మన తెలుగు అంకెల పక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. మనం ఆ అంకెల్ని పంచాంగాలకి పరిమితం చేశాం, వాళ్ళు నోట్ల మీద ఇవాళ్టికీ వేస్తున్నారు. ఆ విషయంలో వాళ్ళని చూస్తే నాకు గౌరవం.

గుజరాతీ లిపి కోమటి పద్దుల పుస్తకంలో పెరిగింది. దేవనాగరికి తల మీద గీత ఉంటుంది, గుజరాతీకి ఉండదు. లెక్కలు గబగబా రాసే వర్తకుడికి ఆ గీత అనవసరం. చాలాకాలం దాన్ని వాణియాశాయీ, అంటే కోమట్ల లిపి అనేవారు. సాహిత్యం, శాస్త్రం రాయాలంటే దేవనాగరే. ఆ పద్దుల లిపిలో దొరికిన తొలి రాతప్రతి 1592 నాటిది, తొలి అచ్చు 1797లో ఒక ప్రకటన. 1822లో బొంబాయిలో ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్ అనే పార్సీ పెద్దమనిషి మొదలుపెట్టిన 'ముంబయీ సమాచార్' ఇవాళ్టికీ గుజరాతీలో వెలువడుతోంది. దీపావళికి చోప్డా పూజ చేసి కొత్త పద్దు తెరిచే ఇళ్ళల్లో ఆ లిపి అసలు పుట్టిల్లు ఇంకా కనపడుతుంది.

మాటల అప్పులు కొద్దిగా చెప్పి ముందుకు వెళతాను. బౌద్ధం వల్ల బర్మీస్ నిండా పాళీ ఉంది. విశ్వవిద్యాలయాన్ని 'తక్కథో' అంటారు, అది మన తక్షశిల. 'బాథా' అంటే భాష, మతం కూడా. రైలు 'యథా', అది రథమే. గుజరాతీ రేవుల వల్ల ఫారసీ, అరబ్బీ, పోర్చుగీసు మాటలు తెచ్చుకుంది. బంగాళాదుంపని గుజరాతీ పోర్చుగీసు మాటతో 'బటాటా' అంటే, బర్మీస్ మన దేశం మాటతో 'ఆలూ' అంటుంది!

ఇక రాతకీ మాటకీ ఉన్న దూరం. ఈ సభలో గిడుగు రామమూర్తి గారి పేరు తలవకుండా దీన్ని మాట్లాడలేను. బర్మీస్‌కి ఇవాళ్టికీ రెండు రూపాలున్నాయి. మాట్లాడేటప్పుడు వాక్యం 'దె'తో ముగుస్తుంది, గ్రంథాల్లో, అధికార పత్రాల్లో 'థీ' అనే వేరే ప్రత్యయంతో. 'ఇది' అనే మాట కూడా రాతలో వేరు, నోట్లో వేరు. 1965లో మాండలేలో ఎగువ బర్మా రచయితలు వాడుక భాషలోనే రాద్దామని పిలుపునిచ్చారు. కథల్లో, సంభాషణల్లో అది చాలావరకు గెలిచింది, ప్రభుత్వ కాగితాల్లో గెలవలేదు. గ్రాంథికానికీ వ్యావహారికానికీ జరిగిన మన పోరాటం తెలిసినవాళ్ళకి ఆ ఆవేదన ఇంకొకరు చెప్పక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే, బడికొచ్చే పిల్లవాడు ఇంట్లో ఒకటి మాట్లాడి పలక మీద ఇంకొకటి రాయాల్సి రావడం అన్యాయం, ఏ దేశంలోనైనా.

బర్మీస్ వర్ణక్రమం శతాబ్దాల నాటి పలుకుని పట్టుకుని ఉంది. రాజధానిగా ఉండిన రంగూన్ నగరాన్ని 'రన్‌కున్' అని రాసి 'యాన్‌గోన్' అంటారు. 'ర' ఎప్పుడో 'య' అయింది. అరకాన్ వైపు మాత్రం ఇప్పటికీ 'ర' పలుకుతారు. గుజరాతీకి ఇంత దూరం లేదు. వాళ్ళ తగవు హ్రస్వ దీర్ఘాల మీద. ఇ, ఈ తేడా, ఉ, ఊ తేడా రాతలో ఉన్నాయి, పలుకులో లేవు. గాంధీ గారు గుజరాత్ విద్యాపీఠ్ చేత 1929లో జోడణీకోశం, అంటే వర్ణక్రమ నిఘంటువు, వేయించి, ఇకమీదట ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు వర్ణక్రమం రాసే హక్కు లేదని ప్రకటించారు. అయినా 1999లో గుజరాత్‌లోని ఊంఝా ఊళ్ళో కొందరు చేరి ఒకే ఇ, ఒకే ఉ చాలన్నారు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది.

[సభలో నుంచి ప్రశ్న: ఫోన్‌లో బర్మీస్ మెసేజీలు ఒక్కోసారి ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి, ఎందుకని?]

మంచి ప్రశ్న. మయన్మార్‌లో ఫోన్లు వచ్చిన కొత్తల్లో యూనికోడ్ పద్ధతిని పాటించని 'జాజీ' అనే ఫాంటు దేశమంతా పాకింది. ఒక పద్ధతిలో కొట్టింది ఇంకో పద్ధతి ఉన్న ఫోన్‌లో చెదిరిపోయేది. 2019 అక్టోబర్ 1 నుంచి దేశం అధికారికంగా యూనికోడ్‌కి మారింది. పాత మెసేజీలు, పాత ఫోన్లు ఉన్నచోట ఇంకా ఆ ఇబ్బంది కనపడుతుంది. గుజరాతీకి ఈ స్థాయిలో బాధ రాలేదు.

[మరో ప్రశ్న: తెలుగువాళ్ళకి ఈ రెండింట్లో ఏది సులువు?]

మొదటి నెల గుజరాతీయే సులువు. సంస్కృతం మాటలు, హిందీ పరిచయం, అమే ఆపణే, ళ, ణ అన్నీ తోడొస్తాయి. ఆ తర్వాత లింగం దగ్గర ఆగిపోతారు. కాబట్టి ఏ నామం నేర్చుకున్నా దానితోపాటు 'ఖాధో, ఖాధీ, ఖాధుఁ'లలో ఏది పడుతుందో కలిపి నేర్చుకోండి. బర్మీస్‌కి మొదటి నెల కష్టం. స్వరం లేకుండా ఒక్క మాట కూడా బట్టీ పట్టకండి, ప్రతి నామంతోనూ దాని లెక్కమాట రాసుకోండి. వాక్యనిర్మాణం మాత్రం మీకు వచ్చేసినట్టే.

అంకెలు మొదలుపెడితే బర్మీస్ చాలా న్యాయంగా ఉంటుంది. ఇరవై ఒకటి 'హ్నసె తి', అంటే రెండు పది ఒకటి. పది దాకా వస్తే తొంభై తొమ్మిది దాకా వచ్చినట్టే. గుజరాతీలో నూరు దాకా ఒక్కొక్కటీ విడిగా బట్టీ పట్టాలి. ఇరవై తొమ్మిది 'ఓగణ్‌త్రీస్', అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ. ముప్ఫై తొమ్మిది 'ఓగణ్‌చాళీస్', నలభైకి ఒకటి తక్కువ. పద్ధతి పట్టుబడిందని అనుకునేలోగా ఎనభై తొమ్మిది 'నేవ్యాసీ', తొంభై తొమ్మిది 'నవ్వాణుఁ' అని దారి తప్పుతాయి. సూరత్ బట్టల బజారులో బేరం ఆడాల్సినవాళ్ళు ముందు వాటినే నేర్చుకోండి.